అమెరికా సాకర్‌లో మొనగాడెవరు, తర్వాతి మొనగాడు ఎక్కణ్నుంచి వస్తాడు?

అమెరికా పురుషుల జాతీయ జట్టు తరఫున లాండన్ డోనోవన్ కొట్టిన గోల్స్ 57. క్లింట్ డెంప్సీవి కూడా సరిగ్గా 57. ఒక్క గోల్ అటో ఇటో అయి ఉంటే అంకె చూపించి అవతలివాళ్ల నోరు మూయించొచ్చు. ఆ వీలు లేకపోవడంతో అక్కడి అభిమానుల తగువు ఏళ్ల తరబడి తెగడం లేదు. ఇది చాలదన్నట్టు క్రిస్టియన్ పులిసిక్ వచ్చిపడ్డాడు. యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచి, చెల్సీ నుంచి మిలాన్ దాకా పెద్ద క్లబ్బులకు వెళ్లినవాడు ఉండగా ఇంకా ఆ పాత పేర్లేమిటని కుర్రకారు అడుగుతున్నారు.

నాకు ఈ తగువు ఇష్టం. ఎందుకంటే ఈ ముగ్గురూ మూడు వేర్వేరు దారుల్లో పైకొచ్చినవాళ్లు. ఒకణ్ని దేశ సాకర్ సమాఖ్యే దగ్గరుండి పెంచింది. ఇంకొకణ్ని వ్యవస్థ దాదాపుగా చేజార్చుకుంది. మూడోవాడు పదహారేళ్లకే దేశం దాటి వెళ్లిపోయాడు. వీళ్లలో ఎవరు గొప్పో తేల్చబోతే, ఆటగాణ్ని ఎలా తయారుచేయాలన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది.

ముందు 2010 జూన్ 23న ప్రిటోరియాలో జరిగిన మ్యాచ్ చూద్దాం. అల్జీరియాతో ఆట 0-0గా ఉంది. డ్రా అయితే అమెరికా వరల్డ్ కప్ నుంచి ఇంటికే. తొంభై నిమిషాలు అయిపోయి ఇంజురీ టైమ్ నడుస్తోంది. గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్ బంతి చేతికి రాగానే చాలా దూరంలో ఉన్న డోనోవన్‌కి విసిరాడు. డోనోవన్ దాన్ని తీసుకుని పరుగెత్తి జోజీ ఆల్టిడోర్‌కి ఇచ్చాడు. ఆల్టిడోర్ గోల్ ముందుకు పంపితే డెంప్సీ మీదపడి తన్నాడు. కీపర్ ఆపాడు కానీ బంతి చేతిలో నిలవలేదు. వెనకే పరుగెత్తుకొచ్చిన డోనోవన్ వలలోకి నెట్టాడు. డోనోవన్ అభిమానులు ఎప్పుడూ చూపించే గోల్ ఇది. డెంప్సీ అభిమానులూ దీన్నే చూపించి, మావాడు అక్కడికి దూసుకెళ్లకపోతే ఆ బంతి బయటికొచ్చేదా అంటారు. ఇద్దరిదీ న్యాయమే. మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు పరుగు తీసి, బంతి ఎక్కడ పడుతుందో ముందే కనిపెట్టి అక్కడ ఉండటం డోనోవన్ ఆట. డిఫెండర్ ఉన్నాడా, దెబ్బ తగులుతుందా అని చూడకుండా దూరిపోవడం డెంప్సీ ఆట.

డోనోవన్ కాలిఫోర్నియా కుర్రాడు. 1999లో అమెరికా సమాఖ్య ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో పదిహేడేళ్లలోపు జట్టు కోసం ఒక రెసిడెన్షియల్ శిబిరం పెట్టింది. అక్కడే ఉండటం, అక్కడే చదువు, రోజూ సాధన. మొదటి బ్యాచ్‌లోనే డోనోవన్, డామార్కస్ బీస్లీ, ఒగుచి ఒన్యేవు ఉన్నారు. ఆ ఏడాది న్యూజిలాండ్‌లో జరిగిన అండర్-17 ప్రపంచ పోటీల్లో జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, ఉత్తమ ఆటగాడి బహుమతి డోనోవన్‌కి దక్కింది. మూడేళ్ల తర్వాత 2002 వరల్డ్ కప్‌లో అమెరికా పోర్చుగల్‌ను ఓడించి, మెక్సికోను ఇంటికి పంపి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. అప్పుడు డోనోవన్ వయసు ఇరవై. మొత్తం మూడు వరల్డ్ కప్‌లలో 5 గోల్స్, జాతీయ జట్టుకు 58 అసిస్టులు (వేరేవాళ్ల గోల్‌కి బంతి అందించడం), అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్‌లో 6 టైటిళ్లు. లీగ్‌లో ఏటా ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డుకు ఇప్పుడు ఆయన పేరే.

మరి అభ్యంతరం ఏమిటంటారా? యూరప్. పదిహేడేళ్లకే జర్మనీ క్లబ్ బేయర్ లెవర్‌కుజెన్ తీసుకుంది, అక్కడ నిలదొక్కుకోలేక తిరిగొచ్చాడు. 2005లో మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చేశాడు. ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్‌లో లోన్ మీద (అరువు ఆటగాడిగా) ఆడిన కొద్దికాలం బాగా ఆడినా అక్కడ ఉండిపోలేదు. 2014 వరల్డ్ కప్‌కి కోచ్ క్లిన్స్‌మన్ ఆయన్ని పక్కన పెట్టడం అభిమానులకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇంటి దగ్గర ఆడి సంతోషంగా ఉండాలనుకోవడం తప్పెలా అవుతుందో నాకు అర్థం కాదు గానీ, ప్రపంచ స్థాయిలో వారం వారం పరీక్షకు నిలబడ్డాడా అంటే లేదనే చెప్పాలి.

డెంప్సీ నిలబడ్డాడు. టెక్సస్ తూర్పు భాగంలో నాకొడోచెస్ అనే చిన్న ఊరు అతనిది. ఇల్లు అంటే ట్రైలర్. మెక్సికో నుంచి వలసొచ్చిన వాళ్లతో, తనకంటే పెద్దవాళ్లతో ఆడి ఆట నేర్చుకున్నాడు. మంచి క్లబ్‌లో ఆడాలంటే డాలస్ వెళ్లాలి, కారులో దాదాపు మూడు గంటలు. వెళ్లడం, రావడం, పెట్రోలు, ఫీజులు, వారాంతం హోటళ్లు. అదే సమయంలో అక్క జెనిఫర్ టెన్నిస్‌లో రాణిస్తోంది. ఇద్దరి ఖర్చూ ఆ ఇంటికి మోయలేనిది. దాంతో డెంప్సీ డాలస్ టెక్సన్స్ క్లబ్ మానేశాడు. తోటి పిల్లల తల్లిదండ్రులు కొందరు ఖర్చులో, ప్రయాణంలో సాయం చేస్తామని ముందుకొస్తేనే మళ్లీ చేరగలిగాడు. 1995లో ఆ అక్క మెదడులో రక్తనాళం చిట్లి పదహారేళ్లకే చనిపోయింది. ఆ తర్వాత ఫర్మన్ యూనివర్సిటీ, అక్కణ్నుంచి డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను లీగ్ క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) అమెరికా క్లబ్ న్యూ ఇంగ్లండ్, 2007 జనవరిలో ఇంగ్లండ్‌లోని ఫుల్హమ్ క్లబ్.

ఫుల్హమ్‌లో మొదటి గోల్ లివర్‌పూల్ మీద. ఆ గెలుపే క్లబ్‌ని కింది డివిజన్‌కి జారిపోకుండా కాపాడింది. 2010లో యువెంటస్ మీద పెనాల్టీ ఏరియా అంచు నుంచి కీపర్ తల మీదుగా తేలికగా ఎత్తి వేసిన గోల్‌ని ఫుల్హమ్ అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. 2011-12లో ప్రీమియర్ లీగ్‌లో 17, అన్ని పోటీలూ కలిపి 23 గోల్స్. మూడు వేర్వేరు వరల్డ్ కప్‌లలో గోల్ చేశాడు. 2014లో ఘనాపై మొదటి నిమిషం పూర్తి కాకముందే కొట్టాడు, అదే మ్యాచ్‌లో ముక్కు విరిగినా బయటికి రాలేదు.

పులిసిక్ కథ వేరు. పెన్సిల్వేనియాలోని హెర్షీ ఊరు. తల్లీ తండ్రీ ఇద్దరూ కాలేజీ సాకర్ ఆడినవాళ్లు. పద్దెనిమిది నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్ తీసుకోకూడదని ఫిఫా నిబంధన. యూరోపియన్ యూనియన్ లోపల మాత్రం పదహారుకే మారొచ్చు. పులిసిక్ తాత క్రొయేషియా మనిషి కాబట్టి ఆ పాస్‌పోర్ట్ దొరికింది, పదహారేళ్లకే జర్మనీ క్లబ్ డోర్ట్‌ముండ్‌లో చేరాడు. 2019లో చెల్సీ అతని కోసం 6.4 కోట్ల యూరోలు పెట్టింది. అప్పటికి ఏ అమెరికన్‌కీ అంత ధర పలకలేదు. 2021లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన తొలి అమెరికన్ పురుషుడయ్యాడు. 2022లో ఖతార్‌లో ఇరాన్‌పై గోల్ కొట్టి, ఆ ఊపులో కీపర్‌ని గుద్దుకుని ఆసుపత్రి పాలయ్యాడు. ఆ గోల్‌తోనే జట్టు నాకౌట్‌కి వెళ్లింది. తాత యూరోపియన్ యూనియన్ బయటి మనిషి అయి ఉంటే ఆ రెండేళ్లూ పెన్సిల్వేనియాలోనే గడిచేవి. ప్రతిభకు తోడు పాస్‌పోర్ట్ కూడా ఉండాలి మరి.

నన్నడిగితే మగవాళ్లలో డెంప్సీ. డోనోవన్ అంతకంటే పూర్తి ఆటగాడు, పులిసిక్ కాళ్లలో ఉన్న విద్య ఇద్దరికీ లేదు. అయినా బలమైన లీగ్‌లో, సాయం అందక తడబడే జట్టులో ఉండి ఏళ్ల తరబడి గోల్స్ కొట్టినవాడు అతనే. కెరీర్ ముగిశాక నా ఓటు పులిసిక్‌కి మారొచ్చు.

గోల్‌కీపర్ల మాటా చెప్పాలి. కేసీ కెల్లర్, వరసగా 310 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు ఆడిన బ్రాడ్ ఫ్రీడెల్, హోవర్డ్. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ ఆడుతూ పెరుగుతారు కాబట్టి చేతులు బాగా పనిచేస్తాయని అక్కడ అందరూ చెప్పే కారణం. వినడానికి బాగుంది, అదే నిజమైతే ఇప్పుడు అలాంటి కీపర్లు ఎందుకు కరువయ్యారో మరి.

అమెరికా ఈ ఆటకు కొత్త అనుకుంటే పొరపాటు. 1930 తొలి వరల్డ్ కప్‌లో సెమీఫైనల్ ఆడింది. ఆ టోర్నీ చరిత్రలోనే మొదటి హ్యాట్రిక్ బర్ట్ పాటెనోడ్ అనే అమెరికన్‌ది. 1950లో బ్రెజిల్‌లో ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించింది, గోల్ కొట్టిన జో గెట్జెన్స్ హైతీ నుంచి వచ్చినవాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు వరల్డ్ కప్ మొహం చూడలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో అమెరికా 9-1తో చిత్తయింది. అదే యుగోస్లావియాతో సెమీఫైనల్లో ఆడి 4-1తో ఓడి, నాలుగో స్థానంలో నిలిచింది మన భారత జట్టు. దాని కోచ్ హైదరాబాద్ రహీం సాబ్. జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. ఆ తర్వాత వాళ్లెక్కడికి వెళ్లారు, మనమెక్కడున్నాం అన్నది వేరే వ్యాసం.

ఇంతసేపూ మగవాళ్ల గురించే మాట్లాడుకున్నాం. ఈ తగువు ఎక్కడ జరిగినా ఇంతే, అసలు జవాబు ఉన్న చోటికి ఎవరూ చూడరు. ప్రపంచమంతా ఒప్పుకునే స్థాయిలో ‘అందరికంటే గొప్ప’ అనిపించుకున్న అమెరికన్ సాకర్ క్రీడాకారులు ఆడవాళ్లే. 1991లో చైనాలో జరిగిన తొలి మహిళల వరల్డ్ కప్‌లో మిషెల్ ఏకర్స్ 10 గోల్స్ కొట్టింది, ఫైనల్లో నార్వేపై జట్టు చేసిన రెండూ ఆమెవే. ఆ తర్వాత క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ పట్టుకుంది. పరుగెత్తే ఓపిక తగ్గడంతో వెనక్కి వచ్చి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ అయింది. 1999 ఫైనల్లో రోజ్ బౌల్‌లో 90,185 మంది ముందు, ఆ ఎండలో, తొంభై నిమిషాలూ చైనాను ఆపి చివరికి సొమ్మసిల్లి బయటికి వచ్చింది. పెనాల్టీల్లో జట్టు గెలిచింది. శతాబ్దపు ఉత్తమ మహిళా క్రీడాకారిణి గౌరవాన్ని ఫిఫా ఆమెకూ, చైనా సున్ వెన్‌కూ కలిపి ఇచ్చింది. మియా హామ్ 158 గోల్స్, ఆబీ వాంబాక్ 184, 2015 ఫైనల్లో పదహారు నిమిషాల్లో కార్లీ లాయిడ్ హ్యాట్రిక్. ఈ వరస చాలా పొడుగు. మగా ఆడా తేడా లేకుండా ఒక్క పేరు చెప్పమంటే నేను ఏకర్స్ అంటాను. మేటి స్ట్రైకర్‌గా ఒక కప్పు, మేటి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌గా ఇంకో కప్పు గెలిచినవాళ్లు ఇంకెవరున్నారు?

ఒకే దేశం, ఒకే సమాఖ్య. ఆడవాళ్లు నాలుగుసార్లు ప్రపంచ విజేతలైతే మగవాళ్లు సెమీఫైనల్ చూసి తొంభై ఏళ్లు దాటింది. ఈ తేడాకు మూలం 1972 నాటి ఒక చట్టంలో ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదని టైటిల్ 9 చెప్పింది. కాలేజీ క్రీడలకూ అది వర్తించింది. చేతులతో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్కటే 2025 దాకా 85 స్కాలర్‌షిప్పులు మింగేసేది, అవన్నీ మగవాళ్లవే. దాన్ని సరితూచాలంటే అమ్మాయిలకు ఎక్కువమంది ఆడే జట్టు ఏదో ఒకటి పెట్టాలి. సాకర్ దానికి సరిగ్గా సరిపోయింది. ఇటీవలి దాకా పై స్థాయి కాలేజీ జట్టుకు సాకర్‌లో మహిళలకు 14, పురుషులకు 9.9 స్కాలర్‌షిప్పులే పరిమితి. బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఈ ఆట ఆడటం మీద నిషేధం 1979 దాకా ఉంది. అలాంటి కాలంలో అమెరికాలో అమ్మాయిలకు మైదానం, కోచ్, చదువు ఖర్చు మూడూ దొరికాయి. నార్త్ కరోలినా యూనివర్సిటీ కోచ్ ఆన్సన్ డోరెన్సే 1991 ప్రపంచ విజేత జట్టుకూ కోచ్.

అదే కాలేజీ దారి మగవాళ్ల దగ్గరకొచ్చేసరికి అడ్డమైంది. కాలేజీ సీజన్ ప్రధానంగా శరదృతువులో కొన్ని నెలలు. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు మధ్య, జర్మనీ కుర్రాడు ఏడాది పొడవునా పెద్దవాళ్లతో లీగ్ ఆడుతుంటే, అమెరికా కుర్రాడు పరీక్షలు రాస్తూ ఉంటాడు. డెంప్సీ ఆ దారిలోనే వచ్చాడు గానీ అతను మినహాయింపు.

ఇక అసలు చిక్కు కాలేజీ కంటే ముందే ఉంది. అక్కడ దాన్ని పే-టు-ప్లే అంటారు, డబ్బు కట్టి ఆడటం. మేటి కోచ్ ఉన్న, ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ జట్టులో పిల్లవాణ్ని ఆడించాలంటే ఏడాదికి వేల డాలర్లు అవుతాయి. క్లబ్ ఫీజు, యూనిఫాం, టోర్నమెంట్ ఫీజు, విమానం, హోటల్. కాలేజీ కోచ్‌లు వచ్చి చూసే షోకేస్ టోర్నీలు వేరే రాష్ట్రాల్లో ఉంటాయి. ఇది ఎవరి దుర్బుద్ధీ కాదు, లెక్క అలా కుదిరింది. జర్మనీ క్లబ్ పిల్లవాడికి ఉచితంగా నేర్పితే రేపు వాణ్ని ఇంకో క్లబ్‌కి అమ్ముకుని సంపాదిస్తుంది. అమెరికా క్లబ్‌కి చాలాకాలం ఆ ఆదాయమే లేదు. కాబట్టి దాని కస్టమర్ పిల్లవాడి తండ్రి. డబ్బు కట్టిన తండ్రికి ఈ శనివారం మ్యాచ్ గెలవాలి. గెలవాలంటే కోచ్ పన్నెండేళ్లకే ఎత్తు పెరిగినవాణ్ని ఎంచుకుంటాడు. బక్కగా ఉండి బుర్ర పెట్టి ఆడేవాడు బెంచీ మీద కూర్చుంటాడు, రెండేళ్లకు మానేస్తాడు.

మనవాళ్లకు ఇది తెలియని సంగతేమీ కాదు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ప్రొఫెషనల్ క్లబ్ ఎఫ్‌సీ డాలస్ స్టేడియం ఉంది, ఆ ఊళ్లో తెలుగువాళ్లు కోకొల్లలు. శనివారం పొద్దున్నే మడతకుర్చీలు, కూలర్ పెట్టె పట్టుకుని మైదానం పక్కన కూర్చుని, పక్కవాళ్లతో ప్రాజెక్టు కబుర్లు చెబుతూ, మధ్యలో ‘బంతి వదలకురా’ అని అరిచే నాన్నలు అక్కడ మామూలే. సరదా లీగ్ నుంచి క్లబ్ జట్టుకు మారిన రోజున ఖర్చు చూసి ఒకసారి గుటక వేసినా, ఐటీ జీతాలు కాబట్టి కట్టేస్తారు. అదే ఊరి చివర షిఫ్టుల్లో పనిచేసే మెక్సికన్ కుటుంబం కట్టలేదు. వాళ్ల పిల్లవాడు ఆదివారం మధ్యాహ్నం పెద్దవాళ్ల లీగ్‌లో ఎంత బాగా ఆడినా, ఆటగాళ్లను వెతికే స్కౌట్ కంట పడడు. ఫ్రిస్కో పిల్లవాడికి సాకర్ ఎక్కువగా కాలేజీ అప్లికేషన్‌లో ఒక వరుస. రెండో పిల్లవాడికి అది బతుకు అయి ఉండొచ్చు, వాడికి చోటు లేదు.

2017 అక్టోబర్ 10న ట్రినిడాడ్‌లో 2-1తో ఓడి అమెరికా 2018 వరల్డ్ కప్‌కి దూరమైనప్పుడు ఈ చర్చ భగ్గుమంది. అప్పటికే సమాఖ్య 2007లో డెవలప్‌మెంట్ అకాడమీ అనే దేశవ్యాప్త లీగ్ పెట్టి ఉంది. 2020లో కరోనా దెబ్బకు దాన్ని మూసేసింది. మేజర్ లీగ్ సాకర్ ఆ పగ్గాలు అందుకుని ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ అనే కుర్రాళ్ల లీగ్ మొదలుపెట్టింది. ఈలోగా ప్రొఫెషనల్ క్లబ్బులు సొంత అకాడమీల్లో ఫీజు లేకుండా నేర్పడం పెరిగింది. టైలర్ ఆడమ్స్ న్యూయార్క్ రెడ్‌బుల్స్ నుంచి, బ్రెండన్ ఆరన్సన్ ఫిలడెల్ఫియా నుంచి, రికార్డో పెపి ఎఫ్‌సీ డాలస్ నుంచి వచ్చారు. ఫిలడెల్ఫియాకైతే ఆటగాళ్ల కోసం సొంత బడే ఉంది.

క్లబ్బులకు నేర్పాలన్న ఆశ పుట్టాలంటే డబ్బు తిరిగి రావాలి. ఫిఫా నిబంధన ప్రకారం ఆటగాడు దేశం మారి అమ్ముడైన ప్రతిసారీ ఆ ధరలో 5 శాతం, అతను పన్నెండు నుంచి ఇరవై మూడేళ్ల వరకు ఎక్కడెక్కడ నేర్చుకున్నాడో ఆ క్లబ్బులకు పంచాలి. పన్నెండు నుంచి పదిహేను మధ్య ఒక్కో ఏడాదికి ధరలో పావు శాతం. పులిసిక్ 6.4 కోట్ల యూరోల లెక్క తీసుకుంటే ఆ నాలుగేళ్ల వాటా ఒక శాతం, అంటే 6 లక్షల 40 వేల యూరోలు. ఒక ఊరి క్లబ్‌కి అది ఎంతమంది పిల్లల ఫీజో ఊహించుకోండి. అయితే చట్టపరమైన చిక్కులున్నాయని అమెరికా సమాఖ్య ఏళ్ల తరబడి ఈ నిబంధన అమలుకు దూరంగా ఉంది. ఆటగాళ్ల యూనియన్ కూడా వద్దంది, కొనేవాడికి ఖర్చు పెరిగితే తమ జీతం తగ్గుతుందని. డెంప్సీకి నేర్పిన డాలస్ టెక్సన్స్, డిఆండ్రె యెడ్లిన్‌కి నేర్పిన సియాటిల్ ప్రాంతపు క్రాస్‌ఫైర్ తమ వాటా కోసం పోరాడాయి. ఎఫ్‌సీ డాలస్ అకాడమీలో పెరిగిన వెస్టన్ మెకెన్నీ ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ చేయకుండానే 2016లో జర్మనీ క్లబ్ షాల్కేకి వెళ్లిపోతే క్లబ్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజే దక్కలేదు. 2019లో మేజర్ లీగ్ సాకర్ మనసు మార్చుకుని, ఇకపై మా వాటా అడుగుతామని ప్రకటించింది. నా దృష్టిలో గత ఇరవై ఏళ్లలో ఏ కోచ్‌ని మార్చినదానికంటే ఇది పెద్ద మార్పు.

ఈ ఆరాటంలో అమెరికాకి ఒక పాత జబ్బు ఉంది, పిల్లవాడు కనబడగానే రక్షకుడని ఊరేగించడం. 2004లో పద్నాలుగేళ్ల ఫ్రెడ్డీ అడు లీగ్‌లో దిగినప్పుడు పెలేతో కలిసి ప్రకటనల్లో కనిపించాడు. ఆ తర్వాత క్లబ్బులు మారుతూ తిరిగి, జాతీయ జట్టుకు 17 మ్యాచ్‌లతో సరిపెట్టుకున్నాడు. 2024లో ఫిలడెల్ఫియా కుర్రాడు కావన్ సల్లివన్, లీగ్‌లో అందరికంటే చిన్న వయసులో ఆడినవాడన్న అడు రికార్డు చెరిపేశాడు. ఈసారి మాంచెస్టర్ సిటీకి వెళ్లే ఒప్పందం ముందే ఉంది. తొందరపెట్టకుండా ఉంటారనే ఆశ.

తయారుచేయలేనివాళ్లను వెతికి తెచ్చుకోవడం ఇంకో దారి. న్యూయార్క్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన ఫోలారిన్ బలోగన్, అదే న్యూయార్క్‌లో పుట్టి ఇటలీ, ఇంగ్లండ్‌లలో ఆట నేర్చిన యూనస్ మూసా, నెదర్లండ్స్‌లో పెరిగిన సెర్జిన్యో డెస్ట్. వలసల దేశం కాబట్టి ఇది తప్పేమీ కాదు, 1950లో గెట్జెన్స్‌ని ఆడించినప్పటి నుంచీ ఉన్నదే. కాకపోతే వీళ్లకు ఆట నేర్పిన ఖర్చు వేరే దేశానిది.

చిత్రమేమిటంటే ఇప్పుడు తడబాటు ఆడవాళ్ల వైపు కూడా మొదలైంది. 2023 వరల్డ్ కప్‌లో స్వీడన్ చేతిలో పెనాల్టీల్లో ఓడి, చరిత్రలో మొదటిసారి మొదటి మూడు స్థానాల్లో లేకుండా పోయారు. స్పెయిన్, ఇంగ్లండ్ క్లబ్బులు అమ్మాయిలకు చిన్నప్పటి నుంచీ ఏడాది పొడవునా నేర్పడం మొదలుపెట్టాక, కాలేజీ ఇచ్చిన ముందంజ కరిగిపోయింది. 2024లో కొత్త కోచ్ ఎమ్మా హేస్ వచ్చీరాగానే ఒలింపిక్ స్వర్ణం గెలిపించినా, దారి మారుతోందని అందరికీ తెలుసు. ఒలివియా మౌల్ట్రీకి పదకొండేళ్లకే నార్త్ కరోలినా స్కాలర్‌షిప్ ఇస్తానంది. ఆమె దాన్ని కాదనుకుని పదమూడేళ్లకే ప్రొఫెషనల్ అయింది. పద్దెనిమిది నిండాలన్న మహిళల లీగ్ నిబంధనపై 2021లో కోర్టుకెళ్లి పదిహేనేళ్లకే పోర్ట్‌లండ్‌కి ఆడింది. లిలీ యోహానెస్ వర్జీనియాలో పుట్టినా ఆట నేర్చింది నెదర్లండ్స్‌లో, అయాక్స్ క్లబ్‌లో. 2024లో అమెరికా మహిళల లీగ్ కాలేజీ డ్రాఫ్ట్‌నే ఎత్తేసింది. కానీ అబ్బాయిలకు ప్రొఫెషనల్ క్లబ్బులు పెట్టినట్టు ఫీజుల్లేని అకాడమీలు అమ్మాయిలకు ఇంకా అంతగా రాలేదు. నాలుగు వరల్డ్ కప్‌లు తెచ్చిన జట్టులోకి రేపు వెళ్లాల్సిన పిల్ల ఇవాళ ఆడే టోర్నీకి విమానం టికెట్, హోటల్ గది, క్లబ్ ఫీజు ఇంకా వాళ్ల అమ్మానాన్నల క్రెడిట్ కార్డు మీదే పడుతున్నాయి.